సున్నం పడని సమాధి

"మా ఆయన ఏం చేసిండో నాకు తెల్వదన్నా. ఏం చెయ్యలేదో చెప్తా. ఆ దొరసాని పిల్లను సంపలేదు."

సమ్మమ్మ ఆ ఒక్కమాట అనేసి చంకలోని పిల్లను రెండో చంకకు మార్చుకుంది. ఏడ్వలేదు. ఏడ్చేది రాత్రే ఏడ్చినట్టుంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

కట్టయ్య బీడీ ఆర్పేసి స్టూలు ముందుకు జరిపాడు. "కూసో చెల్లె. మొదటి నుంచి చెప్పు."

సైకిల్ షాపు మీద రేకుల గది. బయట బోర్డు: 'కట్టయ్య, ప్రైవేటు డిటెక్టివ్'. ఆ బోర్డు చూసి నవ్వని మనిషి వరంగల్లులో లేడు. కాజీపేట లోకోషెడ్డులో ఇంజన్లకు బొగ్గు కొట్టిన మనిషి అతను. డెబ్బైనాలుగు సమ్మెలో ఉద్యోగం పోయింది, జైలు వచ్చింది. మూడేళ్ళకు రైల్వే మళ్ళీ రమ్మంటే పోలేదు. "దొంగకేసు కట్టుడు పోలీసోళ్ళు నేర్చుకున్నరు. విప్పుడు ఒకడన్న నేర్చుకోవద్దా?" అని ఈ గది పెట్టుకున్నాడు. చట్టం పుస్తకాలు తనకు తానే చదువుకున్నాడు. సగం అర్థమయ్యాయి. ఆ సగంతోనే పోలీసులకు నిద్ర లేకుండా చేస్తున్నాడు.

సమ్మమ్మ చెప్పింది. ఆమె మొగుడు దావీదు రిక్షా తొక్కుతాడు. గురువారం సాయంత్రం కాజీపేట స్టేషన్ దగ్గర ఒక తెల్లపిల్ల అతని రిక్షా ఎక్కింది. డెన్మార్కు అనే దేశం నుంచి ఒక్కతే వచ్చిందట. పేరు కిర్‌స్టెన్. ఆ పేరు ఎవరికీ నోరు తిరగక ఒక్కరోజులోనే కిష్టమ్మ అయిపోయింది. మిషన్ బాలికల హాస్టల్లో దిగింది. శుక్రవారం తెల్లవారుజామున దావీదే వచ్చి ఆమెను ఎక్కించుకుపోయాడు. మధ్యాహ్నానికి అతనొక్కడే తిరిగొచ్చాడు. చీకటిపడ్డా పిల్ల రాలేదని హాస్టల్ వాళ్ళు చెప్పడంతో రాత్రికి పోలీసులు వచ్చి అతన్ని పట్టుకుపోయారు.

"ఏడ దింపినవంటే బస్టాండుల దింపిన అన్నడంట. బస్టాండుల ఎవ్వలు సూడలేదంట. అబద్ధమాడినవని కొట్టిండ్రు. రిక్షా సీటు కింద నెత్తురు గుడ్డ దొరికిందంట."

"గురువారం రాత్రి ఇంటికొచ్చినంక ఎట్లున్నడు?"

"బువ్వ తినలే. ఏడ్సిండు. ఎందుకేడుస్తానవయ్యా అంటే పొగ అన్నడు. మా పొయ్యి అప్పటికే సల్లారింది."

కట్టయ్య తల ఊపాడు. ఆమె లేచి, గుమ్మం దాకా పోయి, ఎవరిమీదో తెలియని కోపంతో అంది:

"రేపు ఈస్టరు. ఇయాల సమాధులకు సున్నమేసే దినం. వాడంత ఆడనే ఉన్నది. నేను ఠాణా సుట్టు తిరుగుతాన. ఇంట్ల మొగడున్నా మేం ఎయ్యం లే. మా అత్త సమాధికి ఐదేండ్ల సంది సున్నమేయనియ్యడు. పోయినేడు నేనే డబ్బ పట్టుకొని పోతే గుంజుకొని పారబోసిండు. కన్నతల్లి మీద గంత పగేందో!"

కట్టయ్య అప్పుడు ఆ మాట పట్టించుకోలేదు. అతని బుర్ర వేరే లెక్కలో ఉంది. నిన్న గుడ్ ఫ్రైడే, ఇవాళ రెండో శనివారం, రేపు ఆదివారం. సోమవారం దాకా కోర్టు లేదు. దావీదును పట్టుకున్నట్టు ఎక్కడా రాయలేదు కాబట్టి, సోమవారం దాకా దావీదు అనే మనిషి ఎక్కడా లేనట్టే. లేని మనిషిని ఎంతైనా కొట్టొచ్చు. సోమవారానికి అతను ఒప్పుకున్న నేరస్థుడై కోర్టు మెట్లెక్కుతాడు. సెలవులంటే బీదోడికి ఇదీ అర్థం.

*

హాస్టల్లో వార్డెన్ విమల టీచర్ కట్టయ్యను గది దాకా తీసుకెళ్ళే సరికి లోపల సర్కిల్ ఇన్‌స్పెక్టర్ రాజేశ్వర్ రావు అప్పటికే ఉన్నాడు.

"ఏమయ్యా లోకోషెడ్డూ! ఇక్కడ ఇంజన్ ఏం లేదే?"

"ఇంజన్ లేదు సారూ. పొగ మస్తుగున్నది. మంట ఏడున్నదో సూద్దామని వచ్చిన."

"కలెక్టర్ గారు పొద్దుట్నుంచి మూడుసార్లు ఫోన్ చేశారు. ఫారిన్ అమ్మాయి. ఢిల్లీ దాకా పోతది వ్యవహారం. నీ నాటకాలకు టైం లేదు."

"పోయినేడు బీడీల కార్ఖాన పిల్ల కనపడకపోతే తల్లి మీ ఠాణా కాడ రెండు దినాలు కూసున్నది. అప్పుడు మస్తు టైం ఉండె."

రాజేశ్వర్ రావు ముఖం ఎర్రబడింది. విమల టీచర్ గబగబా మధ్యలోకి వచ్చింది. యాభై దాటిన మనిషి, సన్నగా ఉంటుంది, మాట మాత్రం బడిగంటలా వినిపిస్తుంది.

"మీరిద్దరు తర్వాత కొట్లాడుకోండ్రి. ఆ పిల్ల సంగతి చూడుండ్రి ముందు."

పెద్ద హాలు. రెండు వరుసల మంచాలు. ఆడపిల్లలంతా పండక్కి ఇళ్ళకు పోయారు. కిటికీ పక్క మంచం ఒక్కటే కిర్‌స్టెన్‌ది.

"ఒక్కదానివే ఇంత పెద్ద గదిల పండుకుంటవా, భయం కాదా అని అడిగిన," విమల టీచర్ చెప్పింది. "నవ్వింది. ఢిల్లీల, ఆగ్రాల, బొంబాయిల అన్నిచోట్ల హాస్టళ్ళలనే పండుకున్ననని చెప్పింది. ఎవరి మంచమైనా నా దుప్పటి నాకుంటే అదే నా ఇల్లు అన్నది. నర్సంట. ఎందుకొచ్చినవ్ ఇంత దూరం అంటే, ఒకరిని చూడాలె అన్నది. ఎవరో చెప్పలేదు."

"దుప్పటి ఎట్లాంటిది టీచరమ్మా?"

"విచిత్రం అది. గోనెసంచి లెక్క కుట్టి ఉంటది. లోపలికి దూరి పండుకుంటది. హాస్టళ్ళల తిరిగేటోళ్ళంత అట్ల కుట్టించుకుంటరట."

మంచం కింద బరువైన బూట్లు. మంచం కోడుకు గొలుసుతో కట్టిన పెద్ద సంచి. తాళం పగిలి ఉంది.

"తాళం ఎవరు పగలగొట్టిండ్రు?"

"మేమే," అన్నాడు రాజేశ్వర్ రావు. "పాస్‌పోర్ట్ ఉంది, పైసలున్నాయి, అన్నీ ఉన్నాయి. అన్నీ వదిలి ఎవరైనా తమంతట తాము పోతారా? తీసుకుపోయారు. చంపారు. అంతే."

కట్టయ్య మోకాళ్ళ మీద కూర్చుని సంచిలో వస్తువులు ఒక్కొక్కటే తీసి మంచం మీద పరిచాడు. రెండు జతల బట్టలు, రేకు గ్లాసు, మిషన్ వాళ్ళ బైబిలు, మ్యాపు. ఎర్ర ప్లస్సు గుర్తున్న రేకుడబ్బా. మూత తీశాడు. అడుగున కత్తెర, గాజుగుడ్డ కట్టు ఒక్కటి. మిగతా డబ్బా ఖాళీ. సంచి అడుగు దాకా చెయ్యి పెట్టి వెతికాడు.

"దుప్పటి లేదు," అన్నాడు.

"అయితే?"

"గుంజుకపోయేటోడు పక్కబట్ట తెచ్చుకొమ్మంటడా సారూ? సంచికి తాళమేసుకొమ్మంటడా? ఈ పిల్ల తిరిగొద్దామని పోయింది, గందుకే సంచి కట్టేసింది. ఆడ రాత్రి పండుకుందామని పోయింది, గందుకే దుప్పటి తీసుకుంది. ఎవల్నో సూడాలన్నది గద, ఆళ్ళ దగ్గరికే పోయింది. తన కాళ్ళమీద పోయింది."

"మరి ఇదేంటి?" రాజేశ్వర్ రావు జేబులోంచి కాగితం పొట్లం తీసి ముందు పడేశాడు. "నీ పుణ్యపురుషుడి రిక్షా సీటు కింద దొరికింది. ఇది దుప్పటా?"

గాజుగుడ్డ. ఎండిన నెత్తురు. కట్టయ్య దాన్ని ముట్టుకునేముందు వాసన చూశాడు. తర్వాత మెల్లగా విప్పాడు. జానెడు వెడల్పు, మూరల కొద్దీ పొడవు. మంచం మీద పొడుగ్గా పరిచాడు. మరక ఒక్కటి కాదు. కొసన అరచేయంత ఉంది. జానెడు అవతల కొంచెం చిన్నది. ఆ అవతల ఇంకా చిన్నది. చివరికి చుక్క. తర్వాత తెల్లగుడ్డ.

"కత్తిపోటు తుడిస్తే గిట్లయితదా?" అన్నాడు. "కాలుకో సేతికో సుట్టి సుట్టి కట్టిన కట్టు ఇది. లోపలి సుట్టుకు పెద్ద మరక, బయటి సుట్టుకు సిన్నది. ఈ డబ్బాలున్న గుడ్డ, ఈ గుడ్డ ఒక్కటే. నర్సు పిల్ల ఎవలికో కట్టు కట్టింది. నెత్తురు నిండితే మల్ల మార్సింది. పాత కట్టు పారేయమని దావీదుకు ఇచ్చింది."

"ఆ పిల్లకే దెబ్బ తగిలిందేమో!"

"వాసన సూడుండ్రి."

రాజేశ్వర్ రావు చూడలేదు. విమల టీచర్ వంగి చూసి వెనక్కి జరిగింది. "ఇది పాత పుండు," అంది మెల్లగా. "ఒక్కరోజు గాయానికి ఈ వాసన రాదు."

"కథలు చెప్పడం యూనియన్లో నేర్చుకున్నావ్," ఇన్‌స్పెక్టర్ పొట్లం లాక్కున్నాడు. "ఆ ఎవరో ఎవరు? ఎక్కడ? చెప్పలేవు. మీ వాడు చెప్తాడు. ఈ రాత్రికి చెప్తాడు."

బూట్లు టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయాడు.

కట్టయ్య కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఆ ఎవరో ఎవరు? హాస్టల్ గోడ అవతలే మిషన్ వాళ్ళ సమాధుల తోట. ఆడా మగా పిల్లాజెల్లా అక్కడే ఉన్నారు. కలుపు పీకుతున్నారు, సున్నం పూస్తున్నారు, బంతిపూల దండలు పెడుతున్నారు. ఎవరో ఎవరి మీదనో సున్నం చిలకరిస్తే నవ్వులు. ఎండలో సమాధులన్నీ ఉతికి ఆరేసిన పంచెల్లా మెరుస్తున్నాయి.

ఒక్కటి తప్ప. మూలన మట్టి దిబ్బ, దానిమీద కర్ర సిలువ. మన్ను మన్నుగానే ఉంది.

"అది దావీదు వాళ్ళమ్మది," అంది విమల టీచర్. "రత్నమ్మ. దవాఖానల ఆయాగ చేసేది. కాన్పుల తల్లులు పోతే ఆ పసిపిల్లల్ని ఈమెనే ఎత్తుకునేది. ఎక్కడో దూరం దవాఖానల చనిపోయిందని, చీర ఒక్కటే తెచ్చి ఇక్కడ పూడ్చిండు కొడుకు. ఆ ఏడే పెండ్లి చేసుకున్నడు."

"టీచరమ్మా, దావీదు తల్లిని తిట్టంగ ఎన్నడన్న విన్నరా?"

"తిట్టుడా? చిన్నప్పుడు కొంగు ఇడిచేటోడు కాదు."

కట్టయ్యకు పొద్దున సమ్మమ్మ అన్న మాట గుర్తొచ్చింది. సున్నం డబ్బా గుంజుకుని పారబోసిండు. పగ ఉన్నవాడు పారబోయడు, పట్టించుకోకుండా ఉంటాడు. పారబోసినవాడికి భయం. సున్నం వేస్తే ఏమవుతుంది? సమాధి నిజమైపోతుంది. బతికున్న తల్లి పేరు మీద సున్నం వేయడానికి, కొవ్వొత్తి ముట్టించడానికి ఏ కొడుక్కు చెయ్యి వస్తుంది?

అతను కిటికీ ఊచ గట్టిగా పట్టుకున్నాడు. బతికున్న తల్లిని కొడుకెందుకు పూడుస్తాడు? పాత పుండు. మానని పుండు. లోకం పేరు కూడా పలకని రోగం.

"ఏమైందన్నా?" అంది విమల టీచర్.

"ఏం లేదమ్మా. జర ఠాణా దాక పోయొస్త."

*

లాకప్ ఊచల అవతల దావీదు గోడకు ఆనుకుని ఉన్నాడు. పెదవి చీలింది. ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు, ఎవరిదో చెయ్యి మోస్తున్నట్టు. కాపలా జవాను కట్టయ్య ఇచ్చిన బీడీ కట్ట తీసుకుని బయట చెట్టు కిందికి పోయాడు.

"తమ్మీ, నీ దగ్గర ఒక్కమాట చెప్పి పోత. అవునంటే తల ఊపు, కాదంటే తిట్టు." కట్టయ్య ఊచలకు ముఖం ఆనించి గొంతు తగ్గించాడు. "మీ అమ్మ బతికే ఉన్నది."

దావీదు తల ఊపలేదు. తిట్టనూ లేదు. మోకాళ్ళలో ముఖం దాచుకున్నాడు. భుజాలు కదిలాయి. పోలీసులు రాత్రంతా కొట్టినా రాని ఏడుపు అది.

"గుట్టకవతల కాలనీల ఉన్నది గదా? పెద్దరోగపోళ్ళ కాలనీల?"

"అన్నా... మెల్లగ... నీ కాళ్ళు మొక్కుత, మెల్లగ..."

"మెల్లగనే అంటాన. కిష్టమ్మ ఎవలు నీకు?"

దావీదు తల ఎత్తాడు. "ఆమె ఇక్కడ్నే పుట్టిందన్నా. మిషన్ దవాఖానల. వాళ్ళమ్మ కాన్పుల పోయింది. నేను అప్పుడు పాలపిల్లగాన్ని. మా అమ్మ ఒక రొమ్ము నాకు, ఒక రొమ్ము ఆమెకు ఇచ్చి పెంచింది. నడక వచ్చినంక వాళ్ళయ్య దేశం తీసుకపోయిండు. మొన్న స్టేషన్ల దిగి, రత్నమ్మ ఆయా తెల్సునా అని రిక్షావోళ్ళను అడుగుతాంది. గంత మందిల ఆఖరికి నా తానకే వచ్చింది. నేనేమనాలె? సచ్చిపోయిందనాలె. అందరికి గదే చెప్పిన. నోరు రాలే."

"మరి ఠాణాల చెప్పొచ్చు గదరా! రొండు మాటల్ల బయటపడుదువు."

"చెప్తె ఊరంత తెలుస్తది. అమ్మ రోగం సంగతి తెలిస్తే పిల్లనియ్యరని, పెండ్లికి ముందే సచ్చిపోయిందని చెప్పిన. అమ్మనే చెప్పుమన్నది. నేను సచ్చిన అనుకో బిడ్డా, నువ్వు సంసారం చేసుకో అన్నది. నెలకోసారి కిరాయి ఉన్నదని చెప్పి పోయి సూసొస్త. సమ్మమ్మకు తెలిస్తే పిల్లను తీసుకొని పుట్టింటికి పోతది. వాడకట్టు మా ఇంట్ల నీళ్ళు ముట్టరు. తన్నులు తగ్గుతయన్నా. సమ్మమ్మ పోతే మల్ల రాదు."

కట్టయ్య ఊచల నుంచి ముఖం వెనక్కి తీశాడు. సమ్మెలో లాఠీలు తిన్నవాళ్ళను చూశాడు, జైల్లో ఉపవాసం ఉన్నవాళ్ళను చూశాడు. పెళ్ళాం ముందు తల్లి పేరు ఎత్తలేక తన్నులు తినేవాణ్ణి మొదటిసారి చూస్తున్నాడు.

"నేను పోయి ఆ పిల్లను తీసుకొస్త. ఆ పిల్ల నిలబడితే చాలు, నిన్ను ఇడుస్తరు. మీ అమ్మ సంగతి నా నోట రాదు. ఫికర్ చెయ్యకు."

*

సైకిల్ మీద గుట్ట తిరిగి కుష్టు రోగుల కాలనీ చేరేసరికి పొద్దు గూకింది. రత్నమ్మ గుడిసె ఎవరినీ అడగనక్కర్లేకపోయింది. గుమ్మంలో ఒక ముసలమ్మ పీట మీద కూర్చుని ఉంది. ఆమె కాలు ఒళ్ళో పెట్టుకుని, బంగారు రంగు జుట్టు పిల్ల ఒకతె నేలమీద కూర్చుని కట్టు కడుతోంది. ఆ పిల్ల కాళ్ళకు ముసలమ్మ టైరు చెప్పులు. ముసలమ్మ ఆపకుండా తెలుగులో తిడుతోంది. ఆ పిల్ల ఆపకుండా తన భాషలో ఏదో చెబుతోంది. ఒకరి మాట ఒకరికి ముక్క తెలియదు. ఇద్దరికీ అంతా అర్థమవుతున్నట్టే ఉంది.

"సక్కగ తినదు, సక్కగ పండుకోదు. సిన్నప్పుడు గూడ గిట్లనే ఏడ్సేది, పక్క ఇయ్యకుంటే..."

దండెం మీద తెల్ల దుప్పటి ఆరేసి ఉంది. గోనెసంచిలా కుట్టిన దుప్పటే. కుట్లు రెండు పక్కలా విప్పేశారు, దారాలు వేలాడుతున్నాయి. ఒక్కరికి సరిపోయేది ఇద్దరికి కప్పుకునేంత వెడల్పయింది.

కట్టయ్యకు వచ్చిన ఇంగ్లీషంతా యూనియన్ కరపత్రాల్లోది. దాన్నే బయటికి తీశాడు. "మిస్ కిర్‌స్టెన్. యువర్ బ్రదర్ దావీదు, అరెస్ట్. పోలీస్ బీటింగ్. విక్టిమైజేషన్!"

కిర్‌స్టెన్ చేతిలో కట్టు జారిపోయింది. ఆదివారం పొద్దున దావీదు వచ్చి తీసుకుపోతానన్నాడని, టీచరమ్మకు కూడా చెప్పొద్దన్నాడని వేళ్ళతో, సైగలతో చెప్పింది. లేచి దండెం మీది దుప్పటి లాగి మడవడం మొదలుపెట్టింది.

రత్నమ్మ కట్టయ్య ముఖం చూసింది. "కొట్టిండ్రా?"

"కొంచెం."

"నీ ముఖం కొంచెం అంటలేదు." ఆమె మొండి వేళ్ళతో గుమ్మం పట్టుకుని లేచింది. "బండి మాట్లాడు."

"రాత్రి బండ్లు రావమ్మా. తెల్లారి పిల్లను తీసుకపోత. పిల్ల ఒక్కతే చాలు. నువ్వు రావద్దు. నువ్వొస్తే వాడు దాసిందంత..."

"వాడు దాసింది నేను దాయుమంటేనే." ఆమె ఆగింది. వాకిట్లోకి, చీకటి పడుతున్న గుట్ట వైపు చూసింది. "ఓ కొడుకా, ఒక్కటి చెప్పు. ఇయాల సున్నాల దినం గద. నా సమాధికి సున్నమేసిండ్రా?"

కట్టయ్య తల అడ్డంగా ఊపాడు. "లేదమ్మా. నీ కొడుకు ఎన్నడు ఎయ్యనియ్యలే. నీ కోడలు డబ్బ పట్టుకొని పోతే గుంజి పారబోసిండు."

రత్నమ్మ పైట కొంగుతో మూతి తుడుచుకుంది. నవ్విందో ఏడ్చిందో ఆ చీకట్లో తెలియలేదు.

"అయితే నేనింక సావలే," అంది. "తెల్లారి బండి మాట్లాడు. ఇద్దరం వస్తం."

*

ఈస్టరు పొద్దున సమాధుల తోటలో పాటలు ఆగిన వేళ, ఎడ్లబండి వచ్చి ఠాణా ముందు నిలబడింది. మెట్ల మీద సమ్మమ్మ కూర్చుని ఉంది, ఒళ్ళో టిఫిన్ డబ్బా, పక్కన పిల్ల.

కిర్‌స్టెన్ దిగి, మెట్లెక్కి, రాజేశ్వర్ రావు బల్ల ముందు నిలబడింది. ఇన్‌స్పెక్టర్ కుర్చీలోంచి సగం లేచి, సగం అలాగే ఉండిపోయాడు.

"ఇదిగో సారూ, మీరు సంపిచ్చిన పిల్ల," అన్నాడు కట్టయ్య. "కలెక్టరుకు నాలుగోసారి మీరే ఫోన్ చెయ్యండ్రి."

"ఈమె... ఎక్కడుంది రెండ్రోజులు?"

కట్టయ్య నోరు మూసుకున్నాడు. మాట ఇచ్చాడు కదా. జవాబు బయటి నుంచి వచ్చింది.

"నా దగ్గర."

రత్నమ్మ బండి దిగి వాకిట్లో నిలబడింది. చేతులు కొంగులో దాచుకుంది, ముఖం దాచుకోలేదు. జవాన్లు ఇద్దరు వెనక్కి జరిగారు. రాజేశ్వర్ రావు గుమ్మం దాటలేదు. "ఆమెను లోపలికి రానీయొద్దు!" అని అరిచాడు.

"ఆమె రాదు సారూ," అన్నాడు కట్టయ్య. "మీరే బయటికి రండ్రి. వచ్చేటప్పుడు ఆమె కొడుకును తీసుకొని రండ్రి."

తాళం తీసిన చప్పుడు. దావీదు దెబ్బతిన్న తన ఎడమ చెయ్యి పట్టుకుని మెట్ల దాకా వచ్చి, వాకిట్లో తల్లిని చూసి అక్కడే ఆగిపోయాడు. తర్వాత సమ్మమ్మను చూశాడు. రెండు రాత్రుల తన్నులకు బెదరని ముఖం అప్పుడు తెల్లబోయింది.

సమ్మమ్మ ముసలమ్మ ముఖం చూసింది. మొగుడి ముఖం చూసింది. ఒకే ముక్కు, ఒకే గడ్డం. టిఫిన్ డబ్బా మెట్టుమీద ఠంగున పెట్టింది.

"ఐదేండ్ల సంది నాతోని చీరెకు దండం పెట్టిచ్చినవ్ గదయ్యా!"

దావీదు ఒక మెట్టు దిగాడు.

"ఏడ్సిన గూడ నేను! ఉత్త చీరెకు!"

ఆమె పిల్లను ఎత్తుకుని చరచరా నడిచింది. పుట్టింటి బాట పట్టిందనే అందరూ అనుకున్నారు. వాకిట్లో ఓ మూలకు పోలీసులు పడేసిన దావీదు రిక్షా ఉంది. కిర్‌స్టెన్ అప్పటికే రత్నమ్మను నడిపించుకుపోయి దానిలో కూర్చోబెట్టింది. సమ్మమ్మ దాని ముందు ఆగింది. రత్నమ్మ ఆ చివరకు ఒదిగిపోయి చేతులు ఇంకా లోపలికి దాచుకుంది.

"దగ్గరికి రాకు బిడ్డా."

"దవాఖానల చేసినదానివి, నీకు నేను చెప్పాల్నా? డాక్టరు ఏమన్నడు?"

"గోలీలు మింగిన. రోగం పోయింది, అంటదు అన్నడు. పుండే మానుతలేదు."

"మరి జరుగు," అంది సమ్మమ్మ.

రత్నమ్మ జరిగింది. సమ్మమ్మ ఎక్కి, కొంగులోంచి ఆ చేతులు బయటికి లాగి, వాటిలో పిల్లను పెట్టింది. పిల్ల కాసేపు ఆ కొత్త ముఖాన్ని చూసి, ముక్కు పట్టుకుని గుంజింది.

దావీదు ఒంటి చేత్తో హ్యాండిల్ పట్టుకున్నాడు. కట్టయ్య అతన్ని పక్కకు నెట్టి తనే సీటెక్కాడు. కిర్‌స్టెన్ వెనక నుంచి తోసింది. ఎటు పోవాలని అతను అడగబోయేలోపు లోపల్నుంచి సమ్మమ్మ గొంతు వినిపించింది:

"ముందు సమాధుల తోటకు పోనియ్యన్నా. ఆ సిలువ పీకి పారేసి ఇంటికి పోదాం."